ఏడడుగులు సరే... నలభై కిలోమీటర్ల మాటేమిటి?

పెళ్లినాడు ఏడడుగులు నడిపిస్తారు. కొంగూ కొంగూ ముడివేసి, చిటికెనవేలు పట్టించి, ఒకరు ముందుకు పోకుండా, ఇంకొకరు వెనకబడకుండా జాగ్రత్తగా నడిపిస్తారు. ఆ ఏడూ అయ్యాక చూడండి! గుడికి వెళ్లినా, సంతకు వెళ్లినా, ఆస్పత్రికి వెళ్లినా ఆయన పది గజాలు ముందు, ఆవిడ సంచీతో వెనక. 'ఏం నడకే తల్లీ అది' అని ఆయన వెనక్కి తిరిగి విసుక్కోవడం, 'వస్తున్నా కదండీ' అని ఈవిడ గొణుక్కోవడం. బజారులో పది నిమిషాలు నిలబడితే ఇలాంటి జంటలు ఎన్నయినా కనిపిస్తాయి.

మాదీ అలాంటి జంటే. మా పెళ్లి 1990లో అయింది. మావారు ముప్పై ఏళ్ల పైచిలుకు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. 'ముందుకు జరగండి, ముందుకు జరగండి' అనడం ఆయనకు ఊపిరి పీల్చుకున్నంత అలవాటు. ఇంట్లోనూ అదే మాట, వీధిలోనూ అదే మాట. ఆయనకు 62, నాకు 56. ఆయనకు పన్నెండేళ్లుగా షుగరు. నాకు మోకాళ్లు కాస్త పట్టేస్తుంటాయి. అలాంటి మేమిద్దరం 2025 ఉగాదికి నల్లమల అడవిలో నడిచి శ్రీశైలం వెళ్లాం. ఆ నడకలో మొదటి రోజు గురించే ఈ నాలుగు మాటలు.

బస్సుండగా నడకెందుకు?

మా పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. అందులోనూ మావారు ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లే బస్సుల్లో వందలసార్లు టిక్కెట్లు కొట్టిన మనిషి. ఏటా శివరాత్రికీ ఉగాదికీ ఆత్మకూరు దగ్గర మూటలు నెత్తిన పెట్టుకుని అడవివైపు నడిచిపోయే జనాన్ని బస్సు కిటికీలోంచి చూసేవారట. 'ఉద్యోగం ఏ మచ్చా లేకుండా ముగిస్తే నేనూ నడిచి వస్తా మల్లన్నా' అని ఎప్పుడో మొక్కుకున్నారట. రిటైరయ్యాక గానీ ఆ సంగతి నాకు చెప్పలేదు.

ఈ దారి ఇవాళ్టిది కాదు. నంద్యాల జిల్లా ఆత్మకూరు దగ్గరి వెంకటాపురంలో అడవిలోకి అడుగుపెడితే నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారం దాటుకుంటూ శ్రీశైలం చేరుతుంది. మొత్తం సుమారు 40 కిలోమీటర్లు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని చరిత్ర చెబుతుంది. 1830లో మద్రాసు నుంచి కాశీయాత్రకు బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా ఈ కొండల్లోంచే శ్రీశైలం వెళ్లి, తన యాత్రాచరిత్రలో ఆ సంగతులు రాసుకున్నారు. అప్పట్లో శ్రీశైలం వెళ్లాలంటే నడకో, డోలీయో తప్ప గత్యంతరం లేదు. రోడ్డు పడ్డాక ఈ దారి పండగల దారి అయిపోయింది.

ఇప్పుడిది పులుల అభయారణ్యం. నాగార్జునసాగర్ - శ్రీశైలం అడవిని 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. అందుకే మామూలు రోజుల్లో ఇష్టం వచ్చినట్టు నడిచిపోవడానికి లేదు. శివరాత్రికీ ఉగాదికీ మాత్రం అటవీశాఖ దారి వదులుతుంది. శివరాత్రికి తెలుగువాళ్లు ఎక్కువ. ఉగాదికి కర్ణాటక, మహారాష్ట్రల నుంచి వేలకు వేలు వస్తారు. కన్నడిగులకు భ్రమరాంబ ఇంటి ఆడపడుచు. పండక్కి ఆడపడుచుకు చీర, సారె తీసుకెళ్లడం పుట్టింటివాళ్ల మర్యాద కదా! అందుకని వందల కిలోమీటర్లు నడిచి వస్తారు.

బూట్ల దగ్గర పేచీ

ఉగాదికి నాలుగు రోజుల ముందు వేకువజామున నాలుగున్నరకే వెంకటాపురం చేరాం. అక్కడే మా మొదటి గొడవ. మావారు చెప్పులు విప్పేసి సంచిలో పెట్టేశారు. మొక్కు కాబట్టి ఉత్తకాళ్లతోనే నడుస్తారట.

షుగరున్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుందని, ముల్లు దిగినా రాయి కోసినా వెంటనే తెలియదని, చిన్న పుండే పెద్దదై కూర్చుంటుందని డాక్టరుగారు బయల్దేరే ముందే చెప్పి పంపించారు. మా వీధిలో ఒకాయనకు అలాగే బొటనవేలు తీసేశారు. అది మావారూ చూశారు. అయినా సరే, 'దేవుడి దగ్గరికి బూట్లేసుకుని వెళ్తామా?' అంటారు.

నేను ఇంటి దగ్గరే ఆయన పాత గుడ్డ బూట్లు, రెండు జతల నూలు మేజోళ్లు నా సంచిలో సర్దాను. అవి తీసి ఆయన ముందు పెట్టాను. 'మీరు మొక్కుకున్నది నడిచి వస్తానని. కాళ్లు ఇచ్చేస్తానని కాదు. గుడి మెట్ల దగ్గర విప్పుదురుగాని' అన్నాను. చుట్టూ జనం. ఆయనకు తలకొట్టేసినట్టయింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక అరుగు మీద కూర్చుని మూతి ముడుచుకునే తొడుక్కున్నారు. తొడుక్కున్నారు కదా, అంతే చాలనుకున్నాను.

సంచుల సంగతి కూడా చెప్పాలి. ప్రయాణమంటే ఆడవాళ్లం ఇల్లంతా మూటకట్టుకుని బయల్దేరతాం. ఈసారి నేను గట్టిగా పట్టుబట్టి రెండు సంచులే చేశాను. ఆయన సంచిలో నీళ్ల సీసాలు, రెండు దుప్పట్లు, టార్చి. నా సంచిలో ఇద్దరికీ ఒక్కో జత బట్టలు, మందులు, షుగరు చూసే మిషను, గ్లూకోజు పొడి, వేయించిన శనగలు, బెల్లం, అరటిపళ్లు. ఆ మిషనెందుకు, అక్కడ కూడానా అని ఆయన అన్నారు. నేను జవాబు చెప్పలేదు.

తెల్లారే అడవి

అయిదింటికి నడక మొదలైంది. ముందూ వెనకా టార్చిలైట్లు, 'హర హర మహాదేవ' కేకలు. మావారు రెండు నిమిషాల్లోనే నా కన్నా యాభై గజాలు ముందుకు పోయారు. అలవాటే కాబట్టి నాకు ఆశ్చర్యం లేదు.

వెలుతురు వచ్చేకొద్దీ అడవి కనిపించసాగింది. మార్చి నెలాఖరు నల్లమల పచ్చగా ఉంటుందనుకోకండి. టేకు చెట్లు ఆకులన్నీ రాల్చేసి నిలబడి ఉంటాయి. తపసి మాన్లు తెల్లగా, సున్నం కొట్టినట్టు మెరుస్తుంటాయి. అక్కడక్కడ మోదుగ మాత్రం ఎర్రగా విరగబూసి ఉంటుంది. కాలికింద ఎండుటాకులు కరకరమంటుంటే మన అడుగు చప్పుడు మనకే పెద్దగా వినిపిస్తుంది. ఇప్పపువ్వు రాలిన చోట తియ్యటి, మత్తు వాసన. సిటీ బస్సు హారన్లకూ మిక్సీ రొదకూ అలవాటు పడిన చెవులకు ఆ నిశ్శబ్దం మొదట్లో కాస్త భయంగానే ఉంటుంది.

నాకు తోడుగా నడిచిన ఒక జంట సంగతి మీకు చెప్పాలి. బాగల్కోట వైపునుంచి వచ్చారు. ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి. ఆవిడ కొంచెం చిన్న. నెత్తిన మూటలో అమ్మవారికి ఇల్కల్ చీర, గాజులు, పసుపుకుంకుమలు. ఇది తమకు పదకొండోసారట. ఆవిడకు వచ్చిన తెలుగు అంతంతమాత్రం, నాకు కన్నడం అసలే రాదు. అయినా ఆడవాళ్లకు మాటలకేం కొదవ! నాకు వింతగా తోచిందేమిటంటే, ఆ నడకలో ముందున్నది ఆవిడ. ఆయన చేతికర్ర పట్టుకుని రెండడుగులు వెనక వస్తున్నారు. ఆయన బాగా నడవగల మనిషే. అయినా ఆవిడను దాటడం లేదు.

ఉండబట్టలేక అడిగాను. ఆవిడ నవ్వి, వేలుతో తనను చూపించుకుని, 'నిధాన ముందె' అంది. నిదానంగా నడిచేవాళ్లు ముందుండాలట. ఆ మాట మన భాషలోనూ ఉంది కాబట్టి విప్పి చెప్పనక్కర్లేకపోయింది. గట్టిగా నడిచేవాళ్లు ముందుంటే నెమ్మదిగా నడిచేవాళ్లు రొప్పుతూ పరిగెత్తాలి. నెమ్మదివాళ్లు ముందుంటే ఎవరూ తప్పిపోరు. పదకొండేళ్లుగా అదే వాళ్ల పద్ధతి. ఆవిడే మరో మాట కూడా చెప్పింది. వాళ్ల అక్కమహాదేవి 12వ శతాబ్దంలోనే సంసారం వదులుకుని కల్యాణం నుంచి ఒంటరిగా శ్రీశైలం చేరిందట. 'ఆమెకు మల్లయ్యే గండడు. మనకు ఈ ముసలాయన ఉన్నాడు, ఏం చేస్తాం' అని భర్తవైపు చూసి పకపకా నవ్వింది. ఆయనా నవ్వాడు.

ఆ కబుర్లలో తొమ్మిదింటికి నాగలూటి చేరాం. అడవిమధ్య వీరభద్రస్వామి గుడి, పక్కన పాత కోనేరు. పండగ రోజుల్లో దాతలు ఇక్కడ అన్నదానం చేస్తారు. మజ్జిగ, ఉప్మా పెడుతున్నారు. మావారు ఎప్పుడో వచ్చి కూర్చున్నారు. 'ఏమైనా తిన్నారా?' అంటే, 'ఆఁ అయింది, నువ్వు కానీ' అన్నారు. మాత్ర వేసుకున్నారా అంటే, అదీ అయిందన్నారు. బాగల్కోట ఆవిడ మాట ఆయనకు చెప్పాను. 'నువ్వు ముందు నడిస్తే మనం ఉగాదికి కాదు, శ్రీరామనవమికి చేరతాం' అని నవ్వేసి, నేను చేతులు కడుక్కునేలోగా మెట్లెక్కడం మొదలుపెట్టారు.

మెట్ల మీద

నాగలూటి దాటగానే రాతిమెట్లు. పాతకాలపు మెట్లు కాబట్టి ఒకటి జానెడు, ఇంకొకటి మోకాలెత్తు. కొన్ని రాళ్లు కదులుతుంటాయి. పదింటికే ఎండ నెత్తిన పడింది. మార్చి నెలాఖరుకే మా వైపు 40 డిగ్రీలు కాసే ఎండ అది. మోకాళ్లు నొప్పెడుతుంటే పదిమెట్లకోసారి ఆగుతూ ఎక్కుతున్నాను.

ఓ మలుపు తిరిగేసరికి మావారు మెట్ల పక్కన బండమీద కూర్చుని కనిపించారు. ఆయన పక్కనుంచి జనం వెళ్తూనే ఉన్నారు. ఎవరికీ అనుమానం రాదు. ఆ మెట్లమీద కూర్చోనిదెవరు? దగ్గరికి వెళ్లి, 'ఏమండీ, నీళ్లు తాగుతారా?' అన్నాను. 'నీకెందుకు, నీ దారిన నువ్వు పో' అన్నారు విసురుగా. విసుగు ఆయనకు కొత్త కాదు. కానీ ముఖమంతా ముత్యాల్లా చెమట. చొక్కా తడిసిపోయింది. సీసా అందుకోబోతే చెయ్యి వణికింది. మాట కూడా కాస్త ముద్దగా వచ్చింది.

వెంటనే సంచి దించి మిషను తీశాను. వేలు పొడవనివ్వనని పెనుగులాడారు. బాగల్కోట పెద్దాయన వచ్చి భుజాలు పట్టుకుంటే గానీ కుదరలేదు. 58 వచ్చింది. 70 కన్నా తగ్గితే ప్రమాదమని డాక్టరుగారు చెప్పిన మాట నాకు కంఠతా వచ్చు. సీసా నీళ్లలో మూడు చెంచాల గ్లూకోజు కలిపి నెమ్మదిగా తాగించాను. పావుగంట. నా జీవితంలో అంత పొడుగు పావుగంట లేదు. బాగల్కోట ఆవిడ తన చీరకొంగు తడిపి ఆయన మెడమీద వేసింది. మళ్లీ చూస్తే 84. అప్పుడు అరటిపండు, వాళ్ల మూటలోంచి సజ్జరొట్టె, పల్లీలపొడి పెట్టాం.

కాస్త తేరుకున్నాక అసలు సంగతి బయటపడింది. మాత్ర వేసుకున్న మాట నిజమే. తిన్నానన్నది అబద్ధం. వరుసలో నిలబడితే ఆలస్యమవుతుందని మజ్జిగ మాత్రం తాగారట. మాత్ర వేసుకుని తిండి మానేసి, ఆ పైన కొండ ఎక్కితే షుగరు పడిపోక ఏమవుతుంది?

నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. నేను ఇంకో అరగంట వెనకబడి ఉంటే? ఆయన మెట్లమీద కాకుండా చెట్టు చాటుకు వెళ్లి కూర్చుని ఉంటే? ఆ మాట పైకి అనలేదు. ఆయన ముఖం చూస్తే అదే లెక్క ఆయనా వేసుకుంటున్నారని తెలిసింది.

వెళ్లడమా, మానడమా?

మేం ఎక్కింది ఎన్నో మెట్లు కాదు. నెమ్మదిగా దిగి నాగలూటికే వచ్చాం. పండగ రోజుల్లో దారిలో వైద్య శిబిరాలుంటాయి. అక్కడి డాక్టరు చూసి బీపీ, షుగరు బాగానే ఉన్నాయని, కడుపునిండా తిని ఎండ తగ్గేదాకా పడుకోమని, రాత్రి మాత్రకు ముందు మళ్లీ పరీక్ష చేసుకోమని చెప్పారు. 'ముందుకు వెళ్లడమా, వెనక్కి తిరగడమా అన్నది మీరిద్దరూ ఆలోచించుకోండి. వెళ్తే మాత్రం విడివిడిగా నడవకండి' అన్నారు.

మర్రిచెట్టు నీడన దుప్పటి పరిచి కూర్చున్నాం. 'వెనక్కి వెళ్లిపోదామండీ, మల్లన్న ఏమనుకోడు' అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, 'ఇంటికెళ్లి ఏం చేయమంటావ్?' అన్నారు.

అప్పుడు చెప్పుకొచ్చారు. రిటైరైన నాటినుంచి తెల్లారి లేస్తే ఎక్కడికీ వెళ్లక్కర్లేదన్న ఆలోచనతోనే గుండె జారిపోతోందట. బస్సులో రోజుకు వందమంది పిలిచేవారు, తిట్టేవారు, చిల్లరకు పోట్లాడేవారు. ఇప్పుడెవరూ పిలవరు. పిల్లలు ఫోన్ చేస్తే 'అమ్మకివ్వు' అంటారు. ఈ నడక ఒక్కటైనా పూర్తిచేస్తే ఇంకా పనికొచ్చే మనిషినేనన్న ధైర్యం వస్తుందనుకున్నారట. అందుకే అంత తొందర.

పెళ్లయిన 35 ఏళ్లలో ఆయన నోట నేను వినని మాటలవి. ఇంట్లో ఈ మాటలకు చోటెక్కడ? ఆయన టీవీ ముందు, నేను వంటింట్లో. మధ్యలో 'అన్నం పెట్టనా', 'కరెంటు బిల్లు కట్టారా' తప్ప ఏముంటాయి? మీ ఇళ్లలోనూ ఇంతే కదూ!

'సరే, వెళ్దాం. కానీ నేను ముందు నడుస్తాను. ప్రతి గంటకూ ఆగుతాం. అలసట వస్తే పైకి చెప్పాలి. ఈ మూడింటికీ ఒప్పుకుంటేనే' అన్నాను. ఆయన టిక్కెట్టు చించి ఇచ్చినట్టు చెయ్యి ఆడించి, 'రైట్ రైట్' అన్నారు. ఆ రోజు మొదటిసారి ఇద్దరం నవ్వుకున్నాం.

పెచ్చెరువు దాకా

మూడింటికి మళ్లీ మెట్లెక్కాం. బాగల్కోట జంట మాకోసం ఆగింది. ముందు ఆవిడ, నేను. వెనక మగవాళ్లిద్దరూ. మొదట్లో మావారి కాళ్లు ఊరుకోలేదు. నా మడమ తొక్కేశారు రెండుసార్లు. 'ముందుకు జరగండి' అన్నాన్నేను. గంట గడిచేసరికి నా అడుగూ ఆయన అడుగూ ఒక చప్పుడుగా పడుతున్నాయి. నాలుగున్నరకు ఆయనే, 'కాసేపు ఆగుదాం, కాళ్లు లాగుతున్నాయి' అన్నారు. ఆయన అలా అనడం వినడానికి నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. మిషను తీశాను. 126. ఈసారి వేలు ఆయనే చాచారు.

ఆడవాళ్ల ఇబ్బంది ఒకటి ఉంది, చెప్పుకోవాలి. అడవిదారిలో మరుగు కష్టం. ఆ భయానికి చాలామంది నీళ్లు తాగడం మానేస్తారు. ఆ ఎండలో అంతకన్నా ప్రమాదం లేదు. మేం నలుగురైదుగురు ఆడవాళ్లం కలిసి, ఒకరు చీర అడ్డం పట్టుకుని, మిగిలినవాళ్లు కాపలా ఉండి గట్టెక్కించుకున్నాం. శిబిరాలున్నచోట ఆడవాళ్లకు వేరుగా మరుగుదొడ్లు, వాటిలో నీళ్లు సరిపడా ఉంటే ఎంతమంది తల్లులు ధైర్యంగా నడుస్తారో!

చీకటి పడేవేళకు పెచ్చెరువు చేరాం. చెరువు, దాని ఒడ్డున చెంచుల గూడెం. చెంచులకు శ్రీశైలం మల్లన్న చెంచు మల్లయ్య. వాళ్ల పిల్లను మనువాడిన అల్లుడు. అటు కన్నడిగులకేమో అమ్మవారు ఆడపడుచు. ఒకరు అల్లుడంటారు, ఒకరు ఆడపడుచంటారు. ఎవరికి వాళ్లకు ఆ ఇద్దరూ ఇంటి మనుషులే. కొండమీద దేవుడు కూడా ఆలుమగలుగానే ఉన్నాడు కాబట్టి, ఈ దారి జంటల దారే అనిపించింది నాకు.

భోజనాలయ్యాక ఆయన బూట్లు విప్పించి టార్చి వేసి అరికాళ్లు, వేళ్ల సందులు అన్నీ చూశాను. దేవుడి దయవల్ల గీత కూడా లేదు. 'నీ కాళ్లు చూపించు' అన్నారు. వద్దండీ అంటున్నా వినలేదు. నా ఎడమ మడమ మీద రూపాయంత బొబ్బ. ఆయన ఆ పాదం ఒళ్లో పెట్టుకుని, నీళ్లతో కడిగి, గుడ్డ చుట్టారు. మావారు నా పాదం ముట్టుకున్నది పెళ్లిలో సన్నికల్లు తొక్కించి మెట్టెలు తొడిగిననాడు. మళ్లీ ఇప్పుడు. చుట్టుపక్కల వందలమంది పడుకుని ఉన్నారు. ఎవరైనా చూస్తారేమోనని నేను కాలు వెనక్కి లాక్కోబోతే, 'ఉండవే, ఇక్కడ మనల్నెవరు చూస్తారు' అన్నారు.

మర్నాడు భీమునికొలను లోయలోకి దిగి, అటువైపు నిటారు మెట్లెక్కి కైలాసద్వారం చేరి, శ్రీశైలంలో దర్శనం చేసుకున్నాం. గుడి ముందు ఆయన బూట్లు విప్పారు. అంతే, మొక్కు తీరింది.

మీరూ వెళ్తారా?

జంటగా నడవాలనుకునేవారికి నాకు తెలిసిన నాలుగు విషయాలు:

• అటవీశాఖ అనుమతించిన రోజుల్లో, అనుమతించిన దారిలోనే నడవండి. గుంపును వదలకండి. నిప్పు రాజేయకండి, ప్లాస్టిక్ పారేయకండి. ఎండుటాకుల అడవి క్షణంలో అంటుకుంటుంది.

• బయల్దేరే ముందు రెండు నెలలపాటు రోజూ గంటసేపు కలిసి నడవండి. మెట్లు కూడా ఎక్కి దిగండి.

• షుగరు, బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టరు సలహా తీసుకోవాలి. నడిచే రోజు మాత్రల మోతాదు మార్చాలా అన్నది ఆయన్నే అడగాలి. తినకుండా మాత్ర వేసుకోవద్దు.

• చెమటలు, వణుకు, దడ, అకారణంగా కోపం, మాట తడబాటు కనిపిస్తే షుగరు పడిపోయిందేమో చూడండి. స్పృహలో ఉంటే మూడు చెంచాల గ్లూకోజో పంచదారో నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే వైద్యసాయం పిలవాలి.

• షుగరున్నవాళ్లు ఉత్తకాళ్లతో నడవద్దు. రాత్రి పాదాలు ఒకరివి ఒకరు చూడండి.

• ఆడవాళ్లు చీరకన్నా సల్వార్ కమీజు వేసుకుంటే మెట్లమీద సుఖం. నీళ్లు తాగడం మానవద్దు.

ఇప్పుడు మేం రోజూ సాయంత్రం మా కాలనీ చుట్టూ మూడు చుట్లు నడుస్తున్నాం. పక్కింటి కోడలు గేటు దగ్గర నిలబడి, 'ఏంటి పిన్నిగారూ, బాబాయిగారు మీ వెనక నడుస్తున్నారు!' అని ఆటపట్టిస్తుంది. ఆయనకు కోపం రాదు. 'నిదానం ముందమ్మా' అంటారు. మీ ఇంట్లో ఎవరి అడుగు నిదానమో ఓసారి చూసుకోండి. రేపు బజారుకెళ్లేటప్పుడు వాళ్లను ముందు నడవనివ్వండి. ఆ పూట బేరాలకు పది నిమిషాలు ఆలస్యమైతే కానీయండి, దారిలో మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి దొరక్కపోదు.